అంగడి పేరు పలక చెప్పిన తేదీ: ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయ ఫోటో కేటలాగుపై సమీక్ష

ఐర్లాండ్‌లోని కార్క్ నగరంలో పాత సామాన్లు అమ్మే ఒక సంతలో 12 యూరోలు పెట్టి నేను కొన్న ఫోటో ఒకటి ఈ సమీక్షకు మూలం. దళసరి అట్టకు అంటించిన ఆ ఫోటోలో సెయింట్ పాట్రిక్స్ స్ట్రీట్ తన సహజమైన వంపుతో కనిపిస్తుంది. వీధి మధ్యలో ఒక ట్రామ్, ఒక పక్క వరుసగా అంగళ్ళు, వాటి ముందు ఎండకు దించిన గుడ్డ చాందినీలు, దగ్గరలోనే నల్లని శాలువాలు కప్పుకుని నడుస్తున్న ఇద్దరు స్త్రీలు ఉన్నారు. అట్ట వెనక ఎవరో పెన్సిలుతో 1890 అని రాశారు, అమ్మినవారు కూడా అదే మాట చెప్పారు. ఆ అంకె తప్పని తేల్చుకోవడానికి నాకు పది నిమిషాలు సరిపోయింది కానీ, సరైన అంకె దగ్గరికి చేరడానికి మూడు నెలల సాయంకాలాలు పట్టాయి. ఆ మూడు నెలల్లో నేను ఎక్కువగా ఆధారపడినది డబ్లిన్‌లోని జాతీయ గ్రంథాలయం అందరికీ ఉచితంగా అందిస్తున్న ఫోటో కేటలాగు మీద. దానిని ఒంటరిగా వాడితే సగం ఫలితమే దక్కుతుంది కనుక, దానికి తోడుగా వాడవలసిన జనగణన పత్రాలు, వర్తక డైరెక్టరీలు, వీలునామాల జాబితాలు, ఇళ్ళ విలువ పుస్తకాల గురించి కూడా ఇక్కడే రాస్తున్నాను.

ఈ కేటలాగుకు వెన్నెముక లారెన్స్ సేకరణ. విలియం లారెన్స్ 1865లో డబ్లిన్ నగరంలో, అప్పట్లో శాక్విల్ స్ట్రీట్ అని పిలిచిన వీధిలో, జనరల్ పోస్టాఫీసుకు ఎదురుగా ఫోటో స్టూడియో తెరిచాడు. ఆయన స్వయంగా ఊళ్ళు తిరిగి ఫోటోలు తీసిన మనిషి కాదు, ఆ పని ప్రధానంగా రాబర్ట్ ఫ్రెంచ్ చేశాడు. కొంతకాలం పోలీసు ఉద్యోగం చేసి మానేసిన ఫ్రెంచ్, ఈ స్టూడియోలో చేరి దశాబ్దాల పాటు ఐర్లాండ్ నలుమూలలా పెట్టె కెమెరా మోసుకుని తిరిగాడు. సేకరణలో ఉన్న సుమారు 40,000 గాజు నెగెటివులలో అత్యధిక భాగం ఆయన తీసినవే. బ్రిటిష్ పాలనపై 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో లారెన్స్ అంగడి దోపిడీకి గురై కాలిపోయింది, లోపల ఉన్న వ్యక్తుల చిత్రాల నెగెటివులు బూడిదయ్యాయి. వీధుల, ఊళ్ళ, కొండకోనల నెగెటివులు వేరే చోట భద్రపరచి ఉండడం వల్ల బతికాయి. 1943లో జాతీయ గ్రంథాలయం వాటిని 300 పౌండ్లకు కొన్నది. ఒక దేశపు వీధుల ముఖాలన్నీ ఆ ధరకు దొరికాయన్న సంగతి తలచుకున్నప్పుడల్లా, కొనాలని నిర్ణయించినవారికి మనసులో నమస్కరిస్తాను.

ఈ కేటలాగులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం దాని నిజాయితీ. లారెన్స్ ఫోటోలలో చాలావాటికి అక్కడ ఇచ్చిన కాలం ‘సుమారు 1865, 1914 మధ్య’ అని మాత్రమే ఉంటుంది. మొదటిసారి చూసినవారికి ఇది నిరాశ కలిగిస్తుంది, యాభై ఏళ్ళ వెడల్పున్న తేదీ తేదీ ఎలా అవుతుందని అడగబుద్ధవుతుంది. నాకు మాత్రం ఇదే సరైన పద్ధతి అనిపించింది. ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే చెప్పి, మిగిలినది చూసేవారికి వదిలిపెట్టిన అంకె అది. నా అట్ట వెనక పెన్సిలుతో రాసిన 1890 చూడడానికి ఎంత కచ్చితంగా ఉన్నా, దాని వెనక ఆధారం అంటూ ఏమీ లేదు.

చూసేవారికి వదిలిపెట్టడమంటే చేతులు దులుపుకోవడం కాదు. బొమ్మలను పెద్దవి చేసి చూసే వీలు కల్పించారు, గాజు నెగెటివుల నుంచి తీసినవి కనుక వివరాలు చెదరకుండా నిలుస్తాయి. మామూలు పరిమాణంలో మచ్చలా కనిపించినది పెద్దది చేసేసరికి కిటికీలో వేలాడదీసిన బూట్ల జతగానో, గోడకు అంటించిన వేలంపాట ప్రకటనగానో తేలుతుంది. 2011 నుంచి గ్రంథాలయం, ఫోటోలు పంచుకునే ఫ్లికర్ సైటులోని ‘కామన్స్’ విభాగంలో కూడా ఫోటోలు పెడుతోంది. అక్కడ ఆసక్తి ఉన్నవారు ఒక్కో బొమ్మ కింద అంగళ్ళ పేర్లు చదివి, జనగణన పత్రాలతో పోల్చి, కాలాన్ని ఏళ్ళకు, ఒక్కోసారి రోజుకు కూడా కుదిస్తుంటారు. ఎవరైనా ఈ పని నేర్చుకోవాలంటే ఆ సంభాషణలు చదవడాన్ని మించిన బడి లేదు. ఒకరు ఊహ చెప్పడం, ఇంకొకరు దానికి అడ్డు వచ్చే ఆధారం చూపడం, మొదటివారు తమ ఊహను వెనక్కి తీసుకోవడం, ఈ వరుసను నాలుగైదు బొమ్మల కింద చదివితే పద్ధతి దానంతటదే పట్టుబడుతుంది.

నా ఫోటో విషయానికి వస్తే, మొదటి గట్టి ఆధారం ట్రామ్ తీగలు మోసే ఇనుప స్తంభాలు. కార్క్‌లో విద్యుత్ ట్రాములు 1898 డిసెంబరు 22న మొదలై 1931 వరకు నడిచాయి. అంతకు ముందు 1870లలో కొద్దికాలం నడిచినవి గుర్రాలు లాగిన ట్రాములు, వాటికి స్తంభాలతో గాని తీగలతో గాని పని లేదు. అంచేత పెన్సిలుతో రాసిన 1890 అక్కడికక్కడే కొట్టుకుపోయింది. గ్రంథాలయం కేటలాగులో ఇదే వీధి బొమ్మలు స్తంభాలు లేనివీ ఉన్నవీ రెండు రకాలూ దొరుకుతాయి కనుక, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మార్పు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. డబ్లిన్ ఫోటో ఉన్నవారికి కూడా ఇదే కొలబద్ద పనికొస్తుంది, అక్కడ విద్యుత్ ట్రాములు 1896లో మొదలయ్యాయి.

రెండో వైపు హద్దు కార్క్ చరిత్రలోని ఒక చీకటి రాత్రి ఇచ్చింది. 1920 డిసెంబరు 11 రాత్రి బ్రిటిష్ బలగాలు నగర నడిబొడ్డును తగలబెట్టాయి. ఈ వీధిలో ఒక వైపున ఉన్న పెద్ద పెద్ద బట్టల దుకాణాలు, వాటితో పాటు నగర సభాభవనం, కార్నెగీ గ్రంథాలయం కాలిపోయాయి. నేడు ఆ వైపున కనిపించే భవనాలలో చాలా భాగం 1920లలో మళ్ళీ కట్టినవి. నా ఫోటోలో పాత కప్పులు, పాత కిటికీల వరుసలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే ఫోటో తీసినది 1898 డిసెంబరు తరువాత, 1920 డిసెంబరు ముందు. ఇరవై రెండేళ్ళ ఈ వెడల్పును తగ్గించడానికే అంగళ్ళ దగ్గరికి వెళ్ళవలసి వచ్చింది.

అక్కడికి వెళ్ళే ముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. తొందరపడి, పాత ఫోటోలకు తేదీ చెబుతామనే ఒక చెల్లింపు సేవకు 40 యూరోలు కట్టాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. వారు పంపిన జవాబు రెండు వాక్యాలే. స్త్రీల దుస్తుల తీరును బట్టి ఇది 1880ల చివరిదని తేల్చి చెప్పారు. ట్రామ్ స్తంభాల ప్రసక్తే లేదు. ఆ ఇద్దరు స్త్రీలు కప్పుకున్నది కార్క్ శ్రామిక స్త్రీల శాలువా. వీధుల్లో అమ్ముకునే ఆ స్త్రీలను నగరంలో ‘షాలీలు’ అని పిలిచేవారు, ఆ కట్టు తరాల తరబడి పెద్దగా మారలేదు. ఫ్యాషను పత్రికల్లో ఏడాదికోసారి మారే దుస్తుల చేతుల కోతను బట్టి కాలం చెప్పే పద్ధతి స్టూడియోలో కూర్చుని తీయించుకున్న సంపన్నుల చిత్రాలకు పనికొస్తుందేమో గాని, వీధి ఫోటోకు దానిని మొదటి ఆధారంగా పెట్టుకోకూడదు. అది మరీ ఆఖరున చూడవలసిన విషయం.

అంగళ్ళలో నేను ఎంచుకున్నది చెప్పులు, బూట్లు అమ్మే ఒక చిన్న దుకాణాన్ని. పెద్ద దుకాణాల పేర్లు యాభై ఏళ్ళు మారకుండా ఉంటాయి కనుక కాలం తేల్చడానికి అవి పనికిరావు. చేతులు మారేది, మూతపడేది, కొత్త బోర్డు పెట్టుకునేది చిన్న అంగడే. ఈ దుకాణపు ముఖభాగం ఐర్లాండ్ ఊళ్ళలో విరివిగా కనిపించే చెక్క పనే. రెండు పక్కలా గోడకు ఆనించిన సన్నని చెక్క స్తంభాలు, వాటి తలల మీద చెక్కిన దిమ్మెలు, వాటి నడుమ అడ్డంగా పొడవాటి పేరు పలక. ఆ పలక మీద ఇంటిపేరు, దాని ముందు ఒక పొడి అక్షరం మాత్రమే ఉన్నాయి. ఆ కుటుంబానికి వారసులు ఉండవచ్చు కనుక పేరు రాయడం లేదు.

పేరు దొరికితే సరిపోదు, తలుపు నంబరు కూడా కావాలి. దానికి నాకు ఉపయోగపడినది చార్ల్స్ గోడ్ సంస్థ అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం 1897లో కార్క్‌కు గీసిన పటాలు. ప్రతి భవనం ఆకారం, గోడలు దేనితో కట్టినవి, తలుపు నంబరు ఎంత అనేవన్నీ వాటిలో రంగులతో సహా ఉంటాయి. వీధి మలుపు నుంచి అంగళ్ళను లెక్కపెట్టుకుంటూ వచ్చి మా బూట్ల దుకాణం నంబరు పట్టుకున్నాను. ఆ తరువాత ఊరి వ్యాపారుల పేర్లు, చిరునామాలు అచ్చువేసే గైస్ డైరెక్టరీ సంచికలు తెరిచాను. కార్క్ నగర గ్రంథాలయాలవారు ఇటువంటి పాత డైరెక్టరీలను తమ ‘కార్క్ పాస్ట్ అండ్ ప్రెజెంట్’ సైటులో ఉచితంగా చదువుకునేలా ఉంచారు, ఊరి మీద ప్రేమ ఉన్నవారు చేసిన పని అది. డబ్లిన్‌కు ఇదే అవసరాన్ని 1844 నుంచి వెలువడిన థామ్స్ డైరెక్టరీ తీరుస్తుంది, అందులో వీధుల వారీగా ఇంటింటికీ ఎవరున్నారో ఉంటుంది. చిన్న ఊళ్ళకు ఇంత వివరం దొరకదు. అక్కడ చాలావరకు స్లేటర్స్ డైరెక్టరీతో సరిపెట్టుకోవాలి, అది వెలువడినది 1846, 1856, 1870, 1881, 1894 సంవత్సరాలలో, అంటే మధ్యలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఖాళీలు ఉంటాయి.

డైరెక్టరీని ఎలా చదవాలో తెలియకపోతే అది దారి తప్పిస్తుంది. ముఖచిత్రం మీద వేసిన ఏడాది అచ్చయిన ఏడాది మాత్రమే, లోపలి వివరాలు సేకరించినది అంతకు ముందే. కొన్నిసార్లు పాత సంచికలోని వరుసను దిద్దకుండా అలాగే మళ్ళీ అచ్చు వేస్తారు, చనిపోయినవారు రెండు మూడు సంచికల పాటు వ్యాపారం చేస్తూనే ఉంటారు. అంగడి పలక సంగతి కూడా అంతే. యజమాని పోయినా, అమ్మేసినా, పేరుకు ఉన్న మంచి కోసం కొత్తవారు ఆ పలకను తీయరు. అందువల్ల పలక మీది పేరు ఎప్పుడు మొదలైందో రికార్డులు నమ్మకంగా చెబుతాయి, ఎప్పుడు ముగిసిందో అంత నమ్మకంగా చెప్పలేవు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నాకు ఒక నెల కలిసొచ్చేది.

మొదలు తెలుసుకోవడానికి జనగణనను మించిన సాధనం లేదు. 1901 మార్చి 31 రాత్రి, 1911 ఏప్రిల్ 2 రాత్రి ఐర్లాండ్‌లో ప్రతి ఇంట్లో ఎవరెవరు ఉన్నారో నమోదు చేసిన పత్రాలు ఐర్లాండ్ జాతీయ పత్రాగారం సైటులో పూర్తిగా ఉచితం. కుటుంబ పత్రంతో పాటు ఇళ్ళ పత్రం కూడా చూడాలి. గోడలు, కప్పు దేనివి, ఎదురుగా ఎన్ని కిటికీలు ఉన్నాయి, ఆ కట్టడం నివాసమా అంగడా అన్నది అందులో ఉంటుంది. కిటికీల సంఖ్యను ఫోటోలోని కిటికీలతో పోల్చి ఇంటిని గుర్తుపట్టడం ఈ పనిలో నాకు కలిగిన పెద్ద ఆనందాలలో ఒకటి. రెండు జాగ్రత్తలు చెప్పాలి. పత్రం మీద ఉండే ఇంటి నంబరు చాలాసార్లు గణకుడు తన వరుసకోసం వేసుకున్నదే గాని తలుపు నంబరు కాదు. సైటులో టైపు చేసి ఉన్న పేరును నమ్మేసి ఊరుకోకుండా అసలు చేతిరాత బొమ్మను తెరిచి చదువుకోవాలి. మా దుకాణం ఉన్న ఇంట్లో 1901 మార్చి చివరి రాత్రి నిద్రించినది ఒక పొగాకు వర్తకుడి కుటుంబం. బూట్ల వ్యాపారి అదే నగరంలో వేరే వీధిలో, అద్దె ఇంట్లో ఉన్నాడు. అంటే అతడి పేరు ఆ పలక మీదికి ఎక్కినది ఆ తరువాతే అయి ఉండాలి.

ఈ రెండు జనగణనలకు ఇంత విలువ రావడానికి ఒక విషాద కారణం ఉంది. 1821 నుంచి 1851 వరకు జరిగిన గణనల పత్రాలలో అత్యధిక భాగం 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని రికార్డు కార్యాలయం పేలి కాలిపోయినప్పుడు నాశనమయ్యాయి. 1861, 1871 పత్రాలను గణన ముగిసిన కొద్దికాలానికే ప్రభుత్వమే నాశనం చేయించింది, 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారిపోయాయి. డెబ్బై ఏళ్ళ వీధుల చిరునామాలు అలా పోయాక మిగిలిన రెండు రాత్రులివి.

బూట్ల వ్యాపారి ముగింపు కోసం వీలునామాల వార్షిక జాబితాలు వెతికాను. 1858 నుంచి అచ్చు పుస్తకాలుగా వెలువడడం వల్ల ఇవి 1922 మంటల తరువాత కూడా మిగిలాయి, ఇప్పుడు పత్రాగారం సైటులో ఉచితంగా దొరుకుతాయి. చనిపోయినవారి పేరు, వృత్తి, చిరునామా, చనిపోయిన తేదీ ఒకే పేరాలో ఉంటాయి. వీధి ఫోటోల మీద పనిచేసేవారు వీటిని ఎందుకు ఇంత తక్కువగా వాడతారో నాకు అర్థం కాలేదు. ఇళ్ళ విలువ కట్టే శాఖవారి సవరణ పుస్తకాలు ఇంకా వివరంగా ఉంటాయి. ఇంటిలో ఉన్నవారు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి కొత్త పేరు, పక్కన సంవత్సరం రాసేవారు, ఒక్కో సవరణకు ఒక్కో రంగు సిరా వాడేవారు. రంగులే అక్కడ తేదీలు కనుక వాటిని నలుపు తెలుపు మైక్రోఫిల్మ్‌లో చదవడం వృథా ప్రయాస. ఉత్తర ఐర్లాండ్ ఊళ్ళకు సంబంధించిన ఇటువంటి పుస్తకాలు బెల్‌ఫాస్ట్‌లోని పబ్లిక్ రికార్డు కార్యాలయం సైటులో ఇంటి నుంచే చూడవచ్చు.

చివరి రెండు మెట్లు కాగితాల్లో గాక బొమ్మల్లోనే దొరికాయి. ఇదే వీధి ఉన్న ఒక పోస్టుకార్డు నా దగ్గర ముందు నుంచీ ఉంది, దాని మీది ముద్ర 1908 నాటిది. అందులోని మా దుకాణాన్ని భూతద్దంతో చూస్తే పలక కుడి చివర ‘అండ్ సన్’ అన్న రెండు మాటలు ఇరికించి రాసి ఉన్నాయి. మొదటి అక్షరాల మధ్య ధారాళంగా వదిలిన ఎడం వాటికి లేదు, పలక అంచుకు ఆనుకుని, కాస్త చిన్నవై, రంగు కూడా కొత్తగా కనిపిస్తాయి. కొడుకు వ్యాపారంలోకి వచ్చిన రోజున రంగులవాడు నిచ్చెనెక్కి, మిగిలిన జానెడు చోటులో ఎలాగో సర్దాడన్నమాట. నా ఫోటోలో ఆ చోటు ఖాళీగా ఉంది. పోస్టుకార్డు ముద్ర ఉత్తరం వేసిన రోజును చెబుతుంది గాని ఫోటో తీసిన రోజును చెప్పదు. అయినా ఆ కార్డు బొమ్మ 1908 తరువాతది కాలేదు, నా ఫోటో దానికంటే పాతది. అలా 1901 ఏప్రిల్‌కూ 1908కీ మధ్యకు వచ్చి నిలిచాను.

ఇక మిగిలినది ట్రామ్. ఫోటోను ఎక్కువ స్పష్టతతో స్కాన్ చేయించి పెద్దది చేస్తే, బండి ముందు భాగాన కట్టిన ఒక బోర్డు మీద చివరి ఆరు ఇంగ్లీషు అక్షరాలు తెలిశాయి. ‘ఎగ్జిబిషన్’ అన్న మాట చివరి భాగం అది. కార్క్‌లో 1883లో ఒక పారిశ్రామిక ప్రదర్శన జరిగింది, ట్రామ్ స్తంభాలు లేకపోతే నేనే ఆ ఏటికి మొగ్గేవాడిని. స్తంభాలు ఉన్న కాలంలో జరిగినది మార్డైక్ దగ్గరి అంతర్జాతీయ ప్రదర్శన. అది 1902లో జరిగి, 1903లో మళ్ళీ తెరుచుకున్నది. చాందినీలు దించిన ఎండ కూడా ఆ రెండు వేసవులకు సరిపోతుంది. 1903 ఆగస్టు 1న బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ కార్క్ వచ్చినప్పటి అలంకారాలు ఫోటోలో ఎక్కడా లేవు. అంతమాత్రాన 1903ను పూర్తిగా కొట్టేయలేను, అలంకారాలు కట్టక ముందు తీసి ఉండవచ్చు.

జాతీయ గ్రంథాలయం సేవ గురించి నా తీర్పు ఇది. బొమ్మల నాణ్యతకు, ఉచితంగా ఇవ్వడానికి, తెలిసినంతే చెప్పే పద్ధతికి ఐదింటికి ఐదు మార్కులు వేస్తాను. వెతకడం విషయంలో మాత్రం ఓపిక కావాలి. బొమ్మ శీర్షికలో ఉన్న మాటలను బట్టే అది దొరుకుతుంది కనుక, అంగడి పేరుతో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు, ఊరి పేరు, వీధి పాత పేరు, దగ్గరి విగ్రహం లేదా వంతెన పేరు వేసి వెతకాలి. డబ్లిన్ ప్రధాన వీధికి 1924 వరకు శాక్విల్ స్ట్రీట్ అనే పేరే అధికారికంగా ఉండేదన్నది గుర్తుంచుకోవాలి. కార్క్‌లో అయితే ట్రాములన్నీ చేరే చోటు అయిన ఫాదర్ మాథ్యూ విగ్రహం పేరుతో వెతికితే ఈ వీధి బొమ్మలు ఎక్కువగా తగులుతాయి. కేటలాగు సంఖ్యలోని అంకెలను చూసి కాలం ఊహించే ప్రయత్నం చేయవద్దని కూడా చెబుతాను, అది నెగెటివు పరిమాణం, వరుసలో దాని చోటు తెలిపే గుర్తు మాత్రమే. డబ్లిన్ వెళ్ళగలిగినవారు టెంపుల్ బార్ ప్రాంతంలో మీటింగ్ హౌస్ స్క్వేర్ దగ్గర ఉన్న జాతీయ ఫోటో పత్రాగారంలో గ్రంథాలయం పెట్టే ప్రదర్శనలను కూడా చూడవచ్చు.

అట్ట వెనక ఉన్న పెన్సిలు అంకెను నేను చెరపలేదు, అది కూడా ఆ వస్తువు చరిత్రలో భాగమే. దాని కింద, మెత్తని పెన్సిలుతోనే, ఇలా రాశాను: ‘1902 లేదా 1903 వేసవి. ట్రామ్ స్తంభాలు, 1901 గణన పత్రం, 1908 కార్డు, ట్రామ్ మీది బోర్డు చూడండి.’